మిల్లీమీటరులో మెరుపు

1911లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఒక రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు కావాలని ఇంగ్లండుకు ఆర్డరు పంపాడు. బండి హైదరాబాదు చేరేనాటికి ఆయన లేడు. సింహాసనంలాంటి సీటున్న ఆ కారు కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కింది. ఆ కాలపు సిల్వర్ ఘోస్ట్ ఇంజన్‌కు ఆరు సిలిండర్లు, దాదాపు 7.4 లీటర్ల పరిమాణం, సిలిండర్‌కు రెండేసి స్పార్క్ ప్లగ్గులు. ఇంత చేసి ఆ ఇంజన్ ఇచ్చింది యాభై అరవై అశ్వశక్తి. లీటరుకు లెక్కేస్తే ఏడెనిమిది.

ఇప్పుడు అదే ఊళ్లో మాదాపూర్, కొండాపూర్ అపార్టుమెంట్ల సెల్లార్లలో నిలిపి ఉండే బళ్ల సంగతి చూడండి. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ ఇంజన్ 998 సీసీ, మూడే సిలిండర్లు, సిలిండర్‌కు ఒక్కటే ప్లగ్గు. శక్తి 120 పీఎస్ (మెట్రిక్ అశ్వశక్తి). 2020లో మన దేశానికి 200 మాత్రమే వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 245 రెండు లీటర్ల ఇంజన్ నుంచి 245 పీఎస్ తీస్తుంది. ఇవి చాలవనుకున్నవాళ్లు ఇంజన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్పించి, వాళ్ల మాటల్లో ‘స్టేజ్ వన్’ చేయించి, అదే రెండు లీటర్ల ఇంజన్ నుంచి 300 చుట్టుపక్కల రాబడుతున్నారు. లీటరుకు 150 అన్నమాట.

నూటపదేళ్లలో లీటరు శక్తి ఇరవై రెట్ల దాకా పెరిగింది. ప్లగ్గు ఆకారం మాత్రం పెద్దగా మారలేదు. తెల్లటి పింగాణి గొట్టం, దాని నడుమ ఒక ఎలక్ట్రోడ్, మరలున్న ఉక్కు తొడుగు, ఆ తొడుగు నుంచి వంగి ఎదురుగా నిలిచే రెండో ఎలక్ట్రోడ్. ఈ రెంటి మధ్య మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండే ఖాళీ. ఆ ఖాళీని ఎంత ఉంచాలి, ప్లగ్గు కొన వేడి ఎంత ఉండాలి, ఎలక్ట్రోడ్ ఏ లోహంతో చేయాలి అన్న మూడు ప్రశ్నలకు సరైన జవాబు చెప్పడమే ప్లగ్గు ఎంపిక. ఆ జవాబు ఇంజన్ గరిష్ఠ శక్తి ఒక్కదాని మీద ఆధారపడదు. ఆ కారు వారమంతా ఎలా తిరుగుతుందో కూడా అందులో లెక్కకు రావాలి.

గాలి చిక్కబడితే మెరుపుకు కష్టం

గాలి మామూలుగా విద్యుత్తును పోనివ్వదు. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య వేల వోల్టుల ఒత్తిడి పెడితే అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడివచ్చి, అవి మరికొన్నిటిని ఊడగొట్టి, క్షణంలో లక్షో వంతులో ఒక వాహక మార్గం ఏర్పడుతుంది. అదే మెరుపు. ఇందుకు ఎన్ని వోల్టులు కావాలన్నది వాయువు పీడనం, ఎలక్ట్రోడ్ల మధ్య దూరం, ఈ రెంటి లబ్ధం మీద ఆధారపడుతుందని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ పాషెన్ 1889లో తేల్చాడు. ఇంజన్‌లో ఎదురయ్యే పరిస్థితుల్లో పీడనం పెరిగినా, దూరం పెరిగినా కావలసిన వోల్టేజీ పెరుగుతుంది.

చిన్న ఇంజన్‌కు అంత శక్తినిచ్చే టర్బో చేసే పనల్లా ఈ పీడనం పెంచడమే. పొగగొట్టం వైపు పోయే వేడి వాయువులతో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీదున్న మరో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపుతుంది. సిగ్నల్ దగ్గర ఆగి ఐడిల్‌లో ఉన్నప్పుడు ఇన్‌టేక్ గొట్టంలో పీడనం వాతావరణ పీడనంలో మూడో వంతు చిల్లర. అదే బండి పూర్తి బూస్ట్‌లో ఉన్నప్పుడు రెండు రెట్లు దాటుతుంది. సిలిండర్‌లో పిస్టన్ పైకొచ్చి ఆ గాలిని ఇంకా నొక్కాక గానీ మెరుపు పడదు. అంటే ఒకే ప్లగ్గు, ఒకే ఖాళీ, కొద్ది నిమిషాల తేడాలో ఆరు రెట్లు చిక్కనైన గాలిని చీల్చాల్సి వస్తుంది.

హైదరాబాదు సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి విశాఖ గాలి కంటే అయిదారు శాతం పలచన. టర్బో లేని కారు ఇక్కడ ఆ మేరకు శక్తి కోల్పోతుంది. టర్బో కారు కంప్యూటర్ మాత్రం తనకు కావలసిన పీడనం వచ్చేదాకా టర్బోను మరికాస్త తిప్పించి ఆ లోటు పూడ్చేస్తుంది. కనుక ‘మనది ఎత్తైన ఊరు, ప్లగ్గు మీద భారం తక్కువే’ అనుకోవడానికి లేదు.

ఇక ప్లగ్గుకు ఈ వోల్టేజీ అందించే ఇగ్నిషన్ కాయిల్‌కు ఉన్న శక్తి పరిమితం. అది పుట్టించగల వోల్టేజీ 30,000 నుంచి 40,000 వరకు ఉండొచ్చు. చిక్కటి గాలిలో పెద్ద ఖాళీని దాటడానికి అంతకంటే ఎక్కువ కావలసి వస్తే మెరుపు పడదు, లేదా పింగాణి వెలుపలి నుంచి పక్కదారి పట్టి ఇంజన్ తలలోకి పోతుంది. ఆ విడత ఇంధనం మండదు. మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు బండి గుటకలు వేసినట్టు తడబడుతుంది. మెకానిక్కులు ‘మిస్సింగ్ వస్తోంది’ అనేది దీన్నే. మండని పెట్రోలు, పొగను శుద్ధిచేసే కేటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండి దాన్ని పాడు చేస్తుంది. బీఎస్-6 బండిలో ఆ భాగం మార్చడం చిన్న ఖర్చు కాదు.

అందుకే టర్బో లేని ఇంజన్లకు 1.0 నుంచి 1.1 మి.మీ. ఖాళీ ఇస్తే, టర్బో ఇంజన్లకు కంపెనీలు సాధారణంగా 0.7 నుంచి 0.8 మి.మీ. ఇస్తాయి. బూస్ట్ పెంచినవాళ్లు 0.6 దాకా తగ్గిస్తారు. ఇంకా తగ్గించుకుంటూ పోతే సరిపోతుందా అంటే, సరిపోదు. ఖాళీ మరీ చిన్నదైతే మెరుపు చుట్టూ పుట్టే తొలి నిప్పుముద్ద చిన్నదవుతుంది. చల్లని ఎలక్ట్రోడ్లు దాని వేడిని లాగేసుకుంటాయి. పూర్తి వేగంలో బండి బాగానే ఉంటుంది గానీ, ఐడిల్‌లో వణుకుతుంది. మెరుపు ఆరిపోనంతలో ఎంత పెద్ద ఖాళీ ఉంచగలిగితే అంత మంచిది అన్నదే ఇక్కడ సూత్రం.

వేడి ఎటు పోవాలి

మండే వాయువు ఉష్ణోగ్రత 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ప్లగ్గు కొన మాత్రం ఒక ఇరుకైన హద్దుల్లోనే ఉండాలి. దాదాపు 450 డిగ్రీల కంటే తగ్గితే పింగాణి ముక్కు మీద మసి పేరుకుంటుంది. మసి కర్బనం, కర్బనం విద్యుత్ వాహకం. కాయిల్ ఇచ్చిన వోల్టేజీ ఖాళీని దాటకుండా మసి మీదుగా కారిపోతుంది. కొన 450 దాటితే ఆ మసి తనంతట తానే కాలిపోయి ముక్కు శుభ్రపడుతుంది. అటువైపు 850 డిగ్రీలు దాటి పైకి పోయేకొద్దీ ప్రమాదం మొదలవుతుంది. ఎర్రగా కాలిన కొన మెరుపు కోసం ఆగకుండా తానే మిశ్రమాన్ని అంటిస్తుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట పుట్టి దానికి ఎదురు తంతుంది. ఇలా కొన్ని క్షణాలు సాగితే అల్యూమినియం పిస్టన్ కరిగి చిల్లు పడుతుంది.

కొన వేడి బయటికి పోయే దారి పింగాణి ముక్కు మీదుగా ఉక్కు తొడుగుకు, అక్కడి నుంచి మరల ద్వారా ఇంజన్ తలకు, చివరికి కూలెంట్ నీళ్లకు. ముక్కు పొడవుగా ఉంటే వేడికి దూరం ఎక్కువ, కొన వేడిగా నిలుస్తుంది. అది ‘హాట్ ప్లగ్’. ముక్కు పొట్టిగా ఉంటే వేడి త్వరగా దిగిపోతుంది. అది ‘కోల్డ్ ప్లగ్’. హాట్ ప్లగ్‌లో మెరుపు వేడిగా ఉండదు, కోల్డ్ ప్లగ్ ఇంజన్‌ను చల్లబరచదు. రెండు పేర్లూ చెప్పేది కొన తన వేడిని ఎంత వేగంగా వదిలించుకుంటుందన్న ఒక్క సంగతే.

ఈ గుణానికి కంపెనీలు అంకెలు ఇచ్చాయి. గందరగోళం ఇక్కడే ఉంది. జపాన్ కంపెనీలు ఎన్‌జీకే, డెన్సోలలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు కోల్డ్ అవుతుంది. ఎన్‌జీకేలో 6 తర్వాతి మెట్టు 7 అయితే, డెన్సోలో దాదాపు అదే తేడా 20కి, 22కి మధ్య ఉంటుంది. బాష్‌లో ఇది తలకిందులు, అంకె పెరిగితే ప్లగ్గు హాట్. 1951లో మొదలైన మైకో కంపెనీయే 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది. మన ఊళ్లలో ఒక తరం మెకానిక్కులు ఆ మైకో ప్లగ్గుల మీదే చేయి తిప్పుకున్నారు. ఆ అంకెల అలవాటుతో ఎన్‌జీకే ప్లగ్గు ఎంచితే, కోల్డ్ కావలసిన చోట హాట్ బిగించే ప్రమాదం ఉంది. పెంచిన బూస్ట్ మీద ఆ పొరపాటు పిస్టన్లకు చేటు. కంపెనీ మారినప్పుడల్లా పోలిక పట్టిక చూసుకోవాలి.

ఎన్‌జీకే లెక్క ప్రకారం ఒక మెట్టు మారితే కొన ఉష్ణోగ్రత సుమారు 70 నుంచి 100 డిగ్రీలు మారుతుంది. ఇంజన్ శక్తి 75 నుంచి 100 అశ్వశక్తి మేర పెంచినప్పుడు ఒక మెట్టు కోల్డ్‌కు వెళ్లాలన్నది స్థూల నియమం. ఆక్టేవియా ఆర్ఎస్ 245ను 300కు తెచ్చినవాడు ఆ గీతకు కాస్త ఇవతల ఉంటాడు. ఎండాకాలం, పొడవైన వేగ ప్రయాణాలు కలిపి చూస్తే అతనికి ఒక మెట్టు కోల్డ్ సబబే. 120ని 140 చేసిన చిన్న ఇంజన్‌కు కంపెనీ ఇచ్చిన మెట్టే చాలా సందర్భాల్లో సరిపోతుంది.

సైబరాబాద్ బండికి రెండు బతుకులు

1998 నవంబరులో మాదాపూర్‌లో ఐటీ భవనం సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు చుట్టూ బండరాళ్లు. ఇప్పుడు ఆ ప్రాంతంలో సాయంత్రం ఆరు దాటాక ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి కొండాపూర్ రావడానికి నడకతో పోటీపడే వేగం. అదే కారు ఆదివారం తెల్లవారుజామున గచ్చిబౌలిలో అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కుతుంది. 158 కిలోమీటర్ల ఆ వలయం మీద వేగ పరిమితిని 2023లో గంటకు 120 కిలోమీటర్లకు పెంచారు. అక్కడ బండి గంటసేపు ఆగకుండా సాగుతుంది.

ప్లగ్గుకు ఈ రెండూ పూర్తిగా వేరు లోకాలు. వారంలో అయిదు రోజులు కొన 450 డిగ్రీల గీత దగ్గర తారట్లాడుతుంది. ఉదయం చల్లని ఇంజన్, కొండాపూర్ నుంచి రాయదుర్గం దాకా నాలుగైదు కిలోమీటర్ల ప్రయాణం అయితే, ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆఫీసు వచ్చేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. సిలిండర్‌లోకే నేరుగా పెట్రోలు చిమ్మే ఇంజన్లలో మసి మరింత. ఇలాంటి వాడకంలో ‘రేసింగ్ ప్లగ్’ అని రెండు మూడు మెట్లు కోల్డ్ బిగిస్తే నెల తిరక్కుండా ఉదయం స్టార్టింగ్ మొరాయిస్తుంది. ఎంత పెద్ద టర్బో ఉన్నా ఈ భౌతికశాస్త్రం మారదు.

ప్లగ్గు జీవితాన్ని కిలోమీటర్లలో కొలవడం కూడా ఇక్కడ తప్పుదోవ పట్టిస్తుంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో రెండు చుట్లకొక మెరుపు. సగటున గంటకు 30 కి.మీ. వేగంతో, 2,000 ఆర్‌పీఎం మీద 15,000 కి.మీ. తిరిగితే అది 500 గంటలు, ఒక్కో ప్లగ్గుకు 3 కోట్ల మెరుపులు. రద్దీలో సగటు వేగం 15కు, ఆర్‌పీఎం 1,500కు పడితే అదే 15,000 కి.మీ. 1,000 గంటలు పడుతుంది, మెరుపులు నాలుగున్నర కోట్లు. రద్దీ మెరుపులకు వోల్టేజీ తక్కువే కాబట్టి అరుగుదల అదే నిష్పత్తిలో పెరగదు. కానీ కిలోమీటర్లు తక్కువ తిరిగిందని ప్లగ్గు కొత్తగా ఉందనుకోవడం పొరపాటు.

మే నెల ఎండ ఈ కథను ఇంకా బిగిస్తుంది. బయట 42 డిగ్రీలు, ముందు ఏసీ కండెన్సర్, దాని పక్కనే టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్. సిగ్నల్‌లో నిలిచినప్పుడు దాని మీదుగా గాలి ఆడదు. గ్రీన్ పడగానే తొక్కితే వేడి గాలి సిలిండర్‌లోకి పోతుంది. మెరుపు పడ్డాక మంట ఇంకా చేరని మూలల్లో మిశ్రమం తనంతట తాను పేలడమే నాకింగ్. నాక్ సెన్సర్ పసిగట్టగానే కంప్యూటర్ మెరుపు సమయాన్ని వెనక్కి జరుపుతుంది, పికప్ తగ్గుతుంది. నాకింగ్‌కు కోల్డ్ ప్లగ్ మందు కాదు. అది చేసేదల్లా ప్లగ్గే నిప్పురవ్వై ముందే అంటించకుండా కాపాడటం. నాకింగ్‌కు మందు మంచి ఆక్టేన్, చల్లటి గాలి, ఒళ్లు దగ్గర పెట్టుకున్న ట్యూనింగ్. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 ఇందుకు కొంత మేలే చేస్తుంది. ఇథనాల్ ఆక్టేన్ ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కంటే రెట్టింపు పైగా వేడి పీల్చుకుంటుంది. అయితే అదే శక్తికి ఇంధనం ఎక్కువ కావాలి. పాత ఇంధనానికి రాసిన ట్యూనింగ్‌ను సరిచూసుకోవాలి.

ఇంకో ప్రమాదం తక్కువ వేగంలోనే పొంచి ఉంటుంది. నేరుగా చిమ్మే టర్బో ఇంజన్లను 1,500–2,000 ఆర్‌పీఎం మీద పై గేరులో ఉంచి గట్టిగా తొక్కితే, పిస్టన్ రింగుల సందులోంచి ఎగసిన ఆయిల్ తుంపర మెరుపు కంటే ముందే అంటుకోవచ్చు. ఆ దెబ్బకు ప్లగ్గు పింగాణి విరిగిన సందర్భాలున్నాయి, పిస్టన్లు పగిలినవీ ఉన్నాయి. ఆయిల్‌లోని కాల్షియం డిటర్జెంట్లకు ఇందులో పాత్ర ఉందని తేలాక 2018లో ఏపీఐ ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ ప్రమాణాలు వచ్చాయి. కాబట్టి విరిగిన పింగాణి కనిపిస్తే ప్లగ్గు కంపెనీని తిట్టేముందు ఆయిల్ డబ్బా మీద ఏముందో చూడాలి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఒక గేరు దించి తొక్కడం ఖర్చులేని రక్షణ.

ఇరిడియం మహిమ ఎంత

మెరుపు పడ్డ ప్రతిసారీ ఎలక్ట్రోడ్ నుంచి రవ్వంత లోహం ఎగిరిపోతుంది. అంచులు గుండ్రబడతాయి, ఖాళీ పెరుగుతుంది, కావలసిన వోల్టేజీ పెరుగుతుంది. దీన్ని తట్టుకోవడానికే ఖరీదైన లోహాలు. నికెల్ 1,455 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ప్లాటినం 1,768, ఇరిడియం దాదాపు 2,446. బజారులో ‘కాపర్ ప్లగ్’ అనేదానిలో రాగి లోపలి గుజ్జు మాత్రమే. మెరుపు పడే కొన నికెల్ మిశ్రమమే.

ఇరిడియం గట్టిది కనుక కొనను సన్నని తీగగా చేయొచ్చు. డెన్సో దాన్ని 0.4 మి.మీ. దాకా సన్నబరిచింది, ఎన్‌జీకే ఐఎక్స్ రకంలో 0.6 మి.మీ. ఉంటుంది. మొన దగ్గర విద్యుత్ క్షేత్రం ఒకచోట చేరుతుంది కాబట్టి తక్కువ వోల్టేజీకే మెరుపు పడుతుంది, తొలి నిప్పుముద్ద వేడిని లాక్కునే లోహమూ తక్కువ. టర్బో ఇంజన్‌కు ఇది నిజమైన లాభం. కానీ బాగున్న నికెల్ ప్లగ్గు తీసి ఇరిడియం పెడితే అశ్వశక్తి పెరగదు. ట్యూనింగ్ చేసేవాళ్లలో కొందరు ఇప్పటికీ నికెల్ ప్లగ్గులే వాడతారు. చవక, ఖాళీ సరిచేయడం తేలిక, తరచూ మార్చేస్తారు. రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి మాత్రం ఇరిడియమే మేలు.

పెట్టె మీది అక్షరాలు

రాణిగంజ్ అంగట్లో ఎన్‌జీకే పెట్టె ఒకటి చేతికిచ్చారనుకోండి. దాని మీద బీకేఆర్6ఈఐఎక్స్-11 అని ఉంది. బీకే అంటే 14 మి.మీ. మర, 16 మి.మీ. పానా పట్టే షట్కోణం. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉందని. కాయిల్ వోల్టేజీ రేడియో గోల పుట్టించి కారు కంప్యూటర్లను కలవరపెట్టకుండా అది అడ్డుకుంటుంది, కనుక ఈ అక్షరం లేని ప్లగ్గు ఇప్పటి కారుకు పనికిరాదు. 6 అంటే వేడి మెట్టు. ఈ అంటే మర పొడవు 19 మి.మీ. ఐఎక్స్ అంటే ఇరిడియం కొన. చివరి 11 అంటే ఖాళీ 1.1 మి.మీ.

మొదటి అక్షరాలన్నీ సరిపోయినా ఆ చివరి 11 చూడకపోతే టర్బో ఇంజన్‌లో మిస్సింగ్ కొని తెచ్చుకున్నట్టే. మర పొడవు తేడా ఇంకా ప్రమాదం. పొడవైతే పిస్టన్‌కు తగలొచ్చు. పొట్టిదైతే ఖాళీగా మిగిలిన మరల్లో మసి నిండుతుంది. కొత్త ఇంజన్లలో 12 మి.మీ. మర ప్లగ్గులూ ఎక్కువయ్యాయి, కాబట్టి కారు పేరు కంటే ఇంజన్ కోడు చెప్పి అడగడం మేలు. ముద్ర చెదిరినట్టు, మరలు గరుకుగా ఉన్నట్టు అనిపిస్తే నకిలీ కావచ్చు. బిల్లిచ్చే చోటే కొనాలి.

బిగించడం, విప్పి చూడటం

ఇంజన్ పూర్తిగా చల్లారాకే ప్లగ్గు విప్పాలి. వేడి అల్యూమినియం మరలు ఊడివచ్చే అవకాశం ఉంది. కాయిల్ తీసి, గుంతలోని దుమ్ము గాలితో ఊదేసి, అప్పుడు పానా పెట్టాలి. కొత్త ప్లగ్గు ఖాళీని ఫీలర్ గేజ్‌తో కొలవాలి. తగ్గించాలంటే వంపు ఎలక్ట్రోడ్‌ను మాత్రమే మెల్లగా తట్టాలి. ఇరిడియం తీగను దేనితోనూ తాకించొద్దు, అది పెళుసు. మొదట చేత్తో తిప్పి, తర్వాత టార్క్ రెంచ్‌తో అల్యూమినియం తల ఉన్న ఇంజన్‌లో 14 మి.మీ. మరకు 25–30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ. మరకు 15–20 బిగించాలి. కారు పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం. వదులుగా ఉన్న ప్లగ్గుకు వేడి దిగే దారి తెగిపోతుంది. అప్పుడు కోల్డ్ ప్లగ్ కూడా హాట్ ప్లగ్‌లా కాగుతుంది.

కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత విప్పితే ప్లగ్గే తన కథ చెబుతుంది. ముక్కు లేత గోధుమ, బూడిద రంగుల్లో ఉంటే ఎంపిక సరైనది. ఎండు నల్లటి మసి ఉంటే ప్లగ్గు మరీ కోల్డ్, లేదా పెట్రోలు ఎక్కువ. తడిగా నూనె మెరిస్తే పిస్టన్ రింగులనో, టర్బో సీలునో చూడాలి. ముక్కు తెల్లగా బొబ్బలెక్కితే మితిమీరిన వేడి. పింగాణి మీద మిరియపు పొడి చల్లినట్టు సన్నటి చుక్కలు, వాటిలో అల్యూమినియం మెరుపు కనిపిస్తే ఆ బండిని ఇక తొక్కొద్దు. అది పిస్టన్ నుంచి రాలిన లోహం. నాకింగ్ అక్కడిదాకా వచ్చిందన్నమాట.

ఎవరికి ఏది

కంపెనీ ఇచ్చిన శక్తితోనే నడిపేవాళ్లకు కంపెనీ చెప్పిన ప్లగ్గే ఉత్తమం. దాన్ని ఎంచిన ఇంజనీర్లు చలిలో, ఎండలో, కొండల మీద పరీక్షించి ఆ అంకె రాశారు. రద్దీలోనే తిరిగే బండి అయితే గడువు కంటే ముందే విప్పి చూసుకోవాలి, అంతే.

స్టేజ్ వన్ చేయించినవాళ్లు మొదట కంపెనీ మెట్టులోనే కొత్త ప్లగ్గులు వేసి, ఖాళీని 0.1 మి.మీ. తగ్గించి చూడాలి. చాలా మిస్సింగ్‌లు కొత్త కాయిళ్లు కొనకుండానే అక్కడ ఆగిపోతాయి. శక్తి పెరుగుదల 60, 70 దాటితే, లేదా అవుటర్ మీద దీర్ఘ ప్రయాణాలు ఎక్కువైతే, ఒక మెట్టు కోల్డ్. రెండు మెట్లు రేస్ ట్రాక్ బళ్లకు. వాటిని సోమవారం ఆఫీసుకు తీసుకెళ్లేవాళ్లు తమ బండికే అన్యాయం చేస్తున్నారు. శక్తి పెంచితే వారంటీ చిక్కులుంటాయని, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పులకు హద్దులు గీసిందని కూడా తెలుసుకుని అడుగు వేయాలి.

ట్యూనింగ్ చేసే మనిషి మొదటి ప్రశ్నగా ‘ఎంత పవర్ కావాలి’ అని అడుగుతాడు. ‘రోజూ ఎక్కడికి వెళ్తారు, ఎంతసేపు నిలిచి ఉంటారు, పెట్రోలు ఎక్కడ పోయిస్తారు’ అని కూడా అడిగేవాడి దగ్గరికి వెళ్లండి. అడగకపోతే మీరే చెప్పండి. లక్షల విలువైన ఇంజన్ భద్రత ఆ నాలుగు ముక్కల మీద, వాటికి తగినట్టు ఎంచి, కొలిచి, సరిగ్గా బిగించిన మూడో నాలుగో ప్లగ్గుల మీద ఆధారపడి ఉంది.